ఎండాకాలం వంతు ఆవిడది

మా వియ్యపురాలు పోయిన కబురు జనవరిలో, బయట మంచు పడుతుండగా వచ్చింది. తెనాలి నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేస్తే మా అల్లుడుగారు వంటింట్లో నిలబడి మాట్లాడారు. "అమ్మ పోయింది" అని మాకు చెప్పి, ఎదురుగా పాలు పొంగిపోతున్నా స్టవ్ ఆపకుండా అలాగే చూస్తూ ఉండిపోయారు. నేను వెళ్ళి ఆపాను. అప్పుడు నా మనసులోకి మొదట వచ్చిన మాట దాచుకుంటే ఈ నాలుగు ముక్కలూ రాయడం దండగ. 'అయితే ఇక ఎండాకాలం నాదేనన్నమాట' అనుకున్నాను. వెంటనే దేవుడి పటం ముందు నిలబడి చెంపలు వేసుకున్నాను. కానీ వచ్చిన మాట వచ్చింది.

ఇది చదివేవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఈ వంతులు ఉండే ఉంటాయి. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళని ఆరు నెలలు ఉండనిస్తారు. మే నుంచి అక్టోబరు దాకా ఆవిడ, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నేను. పదేళ్ళు ప్లెయిన్స్‌బరోలో మా అమ్మాయి వాళ్ళింట్లో, ఒకే గదిలో ఉన్నాం గానీ కలిసి ఒక్క పూట లేం. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. నాది ఐదో తరగతి. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఏం అడుగుతాడోనని వారం ముందు నుంచే నాకు అన్నం సయించేది కాదు. ఆవిడ మాత్రం అతనితో వాతావరణం గురించి కబుర్లు చెప్పి వచ్చేవారట.

వెళ్ళే ముందు ఆవిడ నా కోసం డబ్బాలకి చీటీలు అంటించి వెళ్ళేవారు. కందిపప్పు, మినప్పప్పు, కొత్త కారం. ఒక ఏడాది వచ్చేసరికి చీటీల్లో కొత్త విషయాలు కనబడ్డాయి. 'డ్రమ్స్ వాయించే పిల్లకి వేరుశెనగ పడదు, చట్నీ విడిగా చేయగలరు. గిటారు తీగలు గరిటెల సొరుగులో ఉన్నాయి.' నా గరిటెల సొరుగులో గిటారు తీగలు ఏమిటి, అనుకున్నాను.

మా మనవరాలు హైస్కూల్లో ఉండగా స్నేహితులతో కలిసి ఆ వేసవిలోనే బేస్‌మెంటులో బ్యాండు పెట్టింది. నలుగురు పిల్లలు. మనవరాలు గిటారు వాయిస్తూ పాడుతుంది. సాధన ఆపి అన్నానికి రమ్మంటే పిల్లలు వినేవారు కాదట. "మూడో విజిల్ వస్తే పైకి రావాల్సిందే" అని నానమ్మ రూలు పెట్టారు. పిల్లలు అదే బ్యాండుకి పేరు పెట్టేసుకున్నారు, థర్డ్ విజిల్ అని. ఆ కుక్కరు ఇండియా నుంచి పెట్టెలో చీరల మధ్య చుట్టి తెచ్చింది నేను. పేరు మాత్రం ఆవిడ ఖాతాలో పడింది.

వాళ్ళది రాక్ సంగీతం, అందులో మళ్ళీ ఆల్టర్నేటివ్ అని ఒక రకం. అంటే ఏమిటని ఆవిడని ఫోనులో అడిగాను ఒకసారి.

"రేడియోవాళ్ళు అడిగే పాటలు కావు వదినగారూ, వీళ్ళకి తోచిన పాటలు" అన్నారు.

బ్యాండు మొత్తం మీద నాలుగు రికార్డులు చేసింది. నాలుగూ ఆవిడ వంతులోనే వచ్చాయి. మొదటిది ఇంట్లో కంప్యూటర్ మీద చేసిన సీడీ. ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని కాగితాలు మడిచి కవర్లు చేశారు. కవరు మీద బొమ్మ కూడా ఆవిడ వేసిన చుక్కల ముగ్గే. రెండోది నిజమైన స్టూడియోలో. అందులో ఒక పాటలో ఆవిడ చప్పట్లు కొట్టారు. నేను హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని లెక్కపెట్టాను. పాట సగంలో ఉండగా చప్పట్లు ఆగిపోతాయి. సరదా తీరిపోయి ఆపేసి ఉంటారులే అనుకున్నాను. మూడోదాన్ని ఊళ్ళో ఉచితంగా పంచే పేపరులో మెచ్చుకుంటూ రాశారు. ఆవిడ అది కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించి వెళ్తే, ఆరు నెలలు పెరుగు తీసినప్పుడల్లా నేను దాన్ని చూడాల్సి వచ్చింది.

నా వంతులో ఏముండేది? చలి, జలుబు, తగువులు. పిల్లలు నలుగురూ పోట్లాడుకునేది చలికాలంలోనే. డ్రమ్ముల మోతకి మనవరాలి చెవులు పోతాయేమో, అరిచి అరిచి గొంతు పోతుందేమో, పాత వ్యానులో ఐసు మీద జారిపోతారేమో, ఇదంతా తెలిస్తే రేపు పెళ్ళి ఎలా అవుతుందో అని నాకు దిగులు. మనవరాలు అమ్మమ్మా అని మీద పడి ముద్దులు పెట్టేది. కొత్త పాట కట్టినప్పుడు మాత్రం ఫోను తీసుకుని నానమ్మకి వినిపించేది. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తుండేదాన్ని.

ఒక ఏడాది ఉండబట్టలేక ఆవిడకే ఫోన్ చేసి, ఈసారి వంతు మార్చుకుందామా అని అడిగాను. మోకాళ్ళకి చలి పడటం లేదని వంక చెప్పాను.

"మీరు అడిగితే కాదనలేను వదినగారూ. కానీ చలికి నాకు ఊపిరి అందదు" అన్నారు.

సరే అన్నాను. ఫోన్ పెట్టేసి, "ఎంత నటన" అని మా అమ్మాయితో అన్నాను. ఆవిడ పోయింది ఆ ఆయాసంతోనే.

మరో చలికాలం పిల్లలు ఫిలడెల్ఫియాలో ఏదో కాలేజీలో వాయించడానికి బయలుదేరారు. వద్దన్నాను. మధ్యాహ్నం నుంచి మంచు మొదలైంది. నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఎత్తదు. వ్యాను ఏ కాలువలో పడిందో అని నా ప్రాణం పైపైనే ఉంది. క్షేమంగా ఇంటికొచ్చిన పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు, నవ్వి ఊరుకుంది. నాలుగో రికార్డు ఆ రోజు వాయించిందేనట. వేసవిలో దాన్ని సరిచేసి విడుదల చేశారు, షరా మామూలుగా ఆవిడ ఉండగా. తరువాత డ్రమ్ముల పిల్ల మెడిసిన్‌లో చేరింది, ఇంకొకడు ఉద్యోగానికి శాన్ రామన్ వెళ్ళిపోయాడు. బ్యాండు అంతటితో సరి.

అల్లుడుగారు కర్మకాండలకి తెనాలి వెళ్ళారు. ఉద్యోగం చేసే ఊరి నుంచి మనవరాలు మా దగ్గరికి వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నన్ను బేస్‌మెంటుకి తీసుకెళ్ళి ముందు ఆ చప్పట్ల పాట పెట్టింది. పాట మొత్తం కొట్టాలని నానమ్మ పట్టుబట్టారట, సగంలోనే ఆయాసం వచ్చి కూర్చుండిపోయారట. పిల్లలు ఆ సగాన్నే ఉంచేశారు. నేను తల ఎత్తలేకపోయాను.

తరువాత నాలుగో రికార్డు పెట్టింది. ఒకచోట పాట మెల్లగా తగ్గింది, వెనక నుంచి టిటిక్ టిటిక్ అని బొద్దింక పాకుతున్నట్టు చిన్న శబ్దం.

"అది నువ్వే, అమ్మమ్మా. నా ఫోన్ యాంప్ మీద, అదే గిటార్ స్పీకర్ బాక్స్ మీద పెట్టాను. నువ్వు కాల్ చేసినప్పుడల్లా ఫోన్ సిగ్నల్ తగిలి ఆ సౌండ్ స్పీకర్‌లో వచ్చింది. షో మొత్తం. లెవెన్ టైమ్స్."

పిల్లల పాటంతా పాడు చేశానా అన్నాను.

"మేం ఎడిట్ చేసి తీసేద్దాం అనుకున్నాం. నానమ్మ వద్దు అంది. 'మీ అమ్మమ్మ అంత మంచులో మీ వెంట వచ్చింది, మధ్యలో దింపేయకండి' అంది."

మరి నాకెవరూ చెప్పలేదే అన్నాను.

"నానమ్మే చెప్పద్దు అంది. చెప్తే నువ్వు సిగ్గుపడి కాల్ చేయడం మానేస్తావు అని."

సంతోషించాలి. సంతోషించాను కూడా. ఆ సంతోషంలోనే కడుపు మండింది. పదేళ్ళు నాకు చోటు లేదని ఏడిస్తే, ఉన్న చోటు కూడా ఆవిడ చేతి మీదుగా వచ్చిందేనా? ఒక్కసారైనా ఆవిడతో మనసారా మాట్లాడకుండా, సూట్‌కేసు బరువుల గురించీ పచ్చళ్ళ గురించీ మాట్లాడి ఫోన్ పెట్టేసిన మనిషిని. ఇప్పుడు నా కృతజ్ఞత ఎవరికి చెప్పుకోను? అందుకే మీకు చెబుతున్నాను.

మనవరాలు ఈ వేసవి ఉండిపొమ్మంది. మా అమ్మాయి వీసా ఎక్స్‌టెన్షన్‌కి పెట్టింది. అది వస్తుందో రాదో అని రోజుకి నాలుగుసార్లు ఉత్తరాల డబ్బా చూసి వస్తున్నాను. ఏప్రిల్ వెళ్ళిపోయింది. పదేళ్ళలో మే నెల ఇక్కడ చూడటం ఇదే మొదలు. మా గది కిటికీ అవతల నేను ఎండుకొమ్మలనుకున్న చెట్టు నిండా ఆకులు వచ్చాయి, వెనకాల ఇల్లే కనబడటం లేదు. అది ఏం చెట్టో నాకు తెలియదు. పరుపు మీద గోడ వైపు నేను పడుకున్న గుంట ఉంది, కిటికీ వైపు ఇంకొకటి ఉంది. పొద్దున్నే మెలకువ వచ్చి అటు తిరిగాను. ఎండ ఆకుల మీదుగా పడి, పచ్చటి నీడ ఆ గుంటలో మెల్లగా కదులుతోంది.