ఊరి చివరి తాడిచెట్టు మీది జంట

మొన్న మా మనవరాలు సంచి ముక్కు గూడబాతుల్ని చూపిస్తానని కైకలూరు పక్కన కొల్లేట్లో పడవెక్కించిందండి. నీళ్ళలో పాతిన ఇనప మంచెల మీద గూళ్ళు పెట్టుకున్నాయి. ఆ పిల్ల ఫోటోలు తీసుకుంటుంటే నా కళ్ళు మాత్రం మంచె అంచున పుల్లలు జారిపోతున్న ఒక గూటి మీదే నిలిచిపోయాయి.

నేను కాపురానికొచ్చిన ఊరు తాడేపల్లిగూడెం దగ్గర. కోతలయ్యే వేళకి ఊళ్ళో తాడిచెట్ల నిండా ఈ పక్షులే ఉండేవని నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ముదురు పక్షులు ముందుగా వచ్చి ఊరి నడుమనున్న మా పెరట్లో చెట్లన్నీ పట్టేసేవి. ఆలస్యంగా వచ్చే కొత్త జంటలకి పొలం గట్టున చివరి చెట్లే మిగిలేవి. గుడ్ల కోసం కాకులు ముందు వాలేదీ అక్కడే. మా ఇల్లూ అంతే, తోడికోడళ్ళకి లోపలి గదులు, ఆఖరి కోడలినైన నాకు వీధరుగు పక్క తడిక చాటు.

ఆ తడిక చాటునే నా తొలిచూలు బిడ్డ పురిట్లో పోయింది. నోరు విప్పితే తిట్టే మా అత్తగారు నన్ను గట్టు మీదికి తీసుకెళ్ళి, కాకులు ఖాళీ చేసిన గూటిని చూపించారు.

"ఏడవకే పిచ్చిమొహమా. కొత్తది గదా, దానికింకా గుడ్ల మీద కూకోటం చాతకాదు. వచ్చే ఏడు లోపలికి జరుగుద్ది, పిల్లల్ని లేపుద్ది. నువ్వూ అంతే."

ఆ మాట పట్టుకునే బతికానండి. మళ్ళీ నీళ్ళోసుకున్నాను. ఈసారి నన్ను చలిలో ఉంచకూడదని మామగారు పెరట్లో తాడిచెట్లు కొట్టించి, ఆ దూలాలతో నాకూ ఒక గది వేయించారు. ఊరినిండా చెట్లే కదా, పక్క చెట్టు చూసుకుంటాయిలే అనుకున్నారందరూ.

ఆ ఏడు ముదురు పక్షులొచ్చి, తమ చెట్లు లేని చోట పైపైనే తిరిగి తిరిగి, వాలకుండా కొల్లేటి వైపు వెళ్ళిపోయాయి. గట్టున చివరి చెట్లు అలాగే ఉన్నాయి. అయినా పెద్దవి లేని ఊళ్ళో కొత్త జంటలు ఒక్క పుల్లయినా పెట్టలేదు. నేను లోపలికి జరిగాను గానీ ఆ జంట జరిగిందో లేదో, ఎక్కడైనా పిల్లల్ని లేపిందో లేదో ఇప్పటికీ తెలియదు.

ఆ గదిలోనే నా బిడ్డ కేరుమంది. అంతకుముందు ఏళ్ళలో ఆ కాలానికి పక్షిపిల్లల గోలకి పక్కింటి పసిబిడ్డ ఏడుపు కూడా వినపడేది కాదు. నా బిడ్డ ఏడిస్తే ఊరంతా వినపడింది.