తాయిఫ్ కొండ కోతులు

మొన్న మా అమ్మాయీ అల్లుడూ ఆఫ్రికా సఫారీకి వెళ్ళి, జీపు పక్కనే నడిచిపోతున్న సింహాల్ని వీడియో తీసి పంపారు. చూసినవాళ్ళంతా ఆహా ఓహో అంటున్నారు గానీ, అడవి జంతువుల్ని చూడ్డానికి విహారయాత్ర అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గల్ఫ్ యుద్ధం నాటికి నేను రియాద్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుని. గదిలో నాతో ఉండే అక్క తోడబుట్టింది కాదు, మా గోదావరి జిల్లా మనిషి. కానీ తోడబుట్టినదాని కన్నా ఎక్కువ. సైరన్ మోగినప్పుడల్లా, విషవాయువు రాకుండా కిటికీలకి టేపు అంటించిన ఆ గదిలో మాస్కులు తగిలించుకుని, ఒకరి చేతులొకరం పట్టుకుని ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఇంటికి వెళ్తే ఇద్దరం కలిసే వెళ్ళాలని బైబిలు మీద చెయ్యేసి అనుకున్నాం.

యుద్ధం ముగిశాక నా కాంట్రాక్టు అయిపోయింది. ఇంటి దగ్గర నాకు సంబంధం కుదిరి, పెళ్ళివారు ఎదురుచూస్తున్నారు. తన కాంట్రాక్టు ఇంకా ఉందని, తనొక్కదాన్నీ వదిలేసి పోతానా అని అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, మాటకి కట్టుబడి ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టేశాను. పెళ్ళివారు ఆగలేదు. పోతే పోనీ, అక్క ఉందిగా అనుకున్నాను.

మరుసటి ఏడు రంజాన్ పండుగ సెలవుల్లో ఆసుపత్రివాళ్ళు నర్సుల్ని బస్సులో నాలుగు రోజులకి, ఎక్కడో దూరాన ఉన్న తాయిఫ్ కొండలకి తీసుకెళ్ళారు. అక్కడ అడవి కోతుల మందలుంటాయని ఊరించి, నా పేరు రాయించింది అక్కే. తీరా బయల్దేరే రోజున, "నాకొంట్లో బాగోలేదే, నువ్వెళ్ళిరా. చూసొచ్చి అన్నీ నాకు చెబుదువుగాని," అంది.

బస్సులో నాకు కిటికీ సీటు ఇచ్చారు, అడక్కుండానే కమలాపళ్ళు ఒలిచి పెట్టారు. ఆ మర్యాద ఎందుకో నాకు తట్టలేదు, అంత పిచ్చిమాలోకాన్ని! కొండ మలుపులో రోడ్డుకి అడ్డంగా కూర్చున్నాయి కోతులు, భుజాల మీద వెండిరంగు జూలుతో మగవి, వాటి వెనకాల పిల్లల్ని పొట్టకి కరుచుకున్న ఆడవి. ఒకటి మా సూపర్‌వైజరమ్మ టిఫిన్ డబ్బా లాక్కుని, పిట్టగోడెక్కి, ఉడికించిన గుడ్డు పెంకు తీరిగ్గా ఒలుచుకుని తింటుంటే పడీపడీ నవ్వాను. ఇదంతా అక్కకి ఎలా చెబితే బాగుంటుందా అని తిరుగు దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

గదిలో అక్క మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. దేశం వదిలి ఇంటికి పోవడానికి నెల ముందే ఎగ్జిట్ వీసా అడిగిందట, మేం బయల్దేరిన మర్నాడే విమానం ఎక్కేసిందట. బస్సులో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. "అక్కే చెప్పొద్దంది. నువ్వు ఏడ్చి గోల చేస్తే తను కదల్లేనంది," అని ఒకమ్మాయి నేల చూపులు చూస్తూ చెప్పింది.

ఇప్పుడు ఎవరు ఎక్కడికి బయల్దేరినా విమానం కదలకముందే ఫోటో వచ్చేస్తుంది, దాచాలన్నా దాగదు. మా రోజుల్లో ఒక మనిషి చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోవడానికి పండుగ సెలవులు చాలేవి. అక్క వెళ్ళిందని కాదు నా కడుపుమంట. ఇంటి మీద బెంగ ఎవరికుండదు? నాతో చెప్పి ఉంటే ఏడ్చేదాన్నే, కాదనను, కానీ ఏడుస్తూనే ఆమె పెట్టె నేనే సర్దేదాన్ని.