ఎత్తు సీటు కారు

ప్రతి శనివారం ఆర్విడ్ తన పాత కారు బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్లను రుమాలుతో తుడిచి చూసి, తృప్తిగా తలాడించేవాడు. అమెరికాలోని మిన్నెసోటా మంచులో ఇరుగుపొరుగు కార్లు మొరాయిస్తే, పిలవకముందే బ్యాటరీ వైర్లు పట్టుకెళ్ళి స్టార్టు చేసిపెట్టేవాడు. దేవుడు చల్లగా చూడాల్సిన మనిషి. అతని కారు సీటు మరీ కిందికుండడంతో, తుంటినొప్పితో కూర్చోలేక, లేవలేక, భార్య వెర్నా ఇంటికే పరిమితమైపోయింది.

"ఎత్తు కారు కొందామయ్యా, మంచాన పడ్డ చెల్లెల్ని చూసొస్తాను" అని బతిమాలేది.

"ఒక్క తిప్పుకే స్టార్టయ్యే బండిని ఎవడైనా మారుస్తాడటే? ఈ చలికాలం గడవనీ" అనేవాడు.

ఆ చలికాలంలోనే చెల్లెలు పోయింది.

మంచు కరిగాక పాత కారు ఇచ్చేసి ఎత్తు కారు తెచ్చాడు. తలుపు తీసి, చెయ్యందించి, "ఎక్కవే వెర్నా! ఎక్కడికి పోదాం?" అన్నాడు.

ఆమె అనాయాసంగా ఎక్కి కూర్చుంది.

"చెల్లెలి సమాధి దగ్గరికి పోనీ" అంది.