శనివారం కాగితం

ఎనభైల చివర్లో బిష్టుపూర్‌లో ఒక ఆఫీసులో పనిచేసేవాణ్ని. తేదీ ఇస్తే ఏ వారమో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం ఒకటి పరీక్షించమని నాకిచ్చారు. మా ఇంట్లో పుట్టుకలూ చావులూ ఏ వారమో అమ్మకి నోటికొచ్చు. తేదీలు జనన మరణాల కాగితాల్లోంచి తీసుకుని, వారాలు అమ్మనడిగి రాసుకున్నాను. ప్రోగ్రాం చెప్పింది అమ్మ మాటతో సరిపోతోందో లేదో చూసే షెల్ స్క్రిప్టు రాశాను.

అన్నిటికీ 'సరే' అని వచ్చింది, నా పుట్టినరోజుకి తప్ప. అమ్మ శుక్రవారమంది, ప్రోగ్రాం శనివారమంది. మూడుసార్లు నడిపినా అదే. ఒళ్ళు మండింది. లెక్క కట్టి చూస్తే ప్రోగ్రామే నిజం. అప్పుడు తట్టింది: అమ్మకి సూర్యోదయమైతేగాని రోజు మారదు. తెల్లారకముందు పుట్టి ఉంటాను, అంతే.

సాయంత్రం ఇంటికెళ్ళి ఆ మాటే అన్నాను. బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తలేదు.

"ఏటి తెల్లారకముందు? నువ్వు సుక్రవారం దీపాలేళ పుట్టేవు. నీతోటి కవల సనివారం పొద్దున్న పుట్టి, గంటకే పోయేడు. ఆస్పత్రిలో రెండు కాగితాలిచ్చేరు. మీ నాన్నకి చదువు రాదు. బతికింది ఒక్కడే కదాని ఒక్కటే తెచ్చీసేడు."

బడిలోనూ ఉద్యోగంలోనూ నేను చేరింది వాడి శనివారం కాగితంతోనే.

మర్నాడు స్క్రిప్టులో నా తేదీ ఒకరోజు వెనక్కి జరిపాను. పాత తేదీ చెరపడానికి చెయ్యి రాలేదు. దాని కింది వరుసలో ఉంచి, పక్కన శనివారం అని రాశాను. స్క్రిప్టు నడిపాను.

సరే, సరే అంటూ తెరమీద మేమిద్దరం ఒకరి కింద ఒకరం వచ్చాం.