తరిగిన నీళ్లు

నాకు చదువు లేదు. సంతకం పెట్టడం వచ్చు, బస్సు నంబర్లు వచ్చు. అందుకే నోటితో చెబుతున్నాను, రాసేవాళ్లు రాస్తున్నారు. నా గొంతు బొంగురు. వినేవాళ్లకి ఏడుస్తున్నానేమో అనిపిస్తుంది. ఒక్కోచోట నిజంగానే ఏడుస్తాను, ఆ మాట ముందే చెబుతున్నాను.

మేము ఇంగ్లాండులో లీడ్స్ అనే ఈ ఊరు వచ్చింది రెండువేల ఎనిమిదిలో. మా ఆయనకి ఆసుపత్రిలో రోగుల్ని మంచాల మీద వార్డు నుంచి వార్డుకి తోసుకెళ్లే పని. కాకినాడ దగ్గర సముద్రం చూస్తూ పెరిగిన మనిషి. ఈ ఊరికి సముద్రం లేదు. వచ్చిన మూడో ఏడు ముందుగదిలో ఒక గాజు తొట్టి తెచ్చి పెట్టారు. మామూలు చేపలకి కాదు, ఉప్పునీటి చేపలకి. అందులో రెండే చేపలు, నారింజ రంగు మీద తెల్లటి పట్టీలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాటి పక్కన పువ్వులాంటిది ఒకటి ఉండేది. పువ్వు కాదు, ప్రాణమున్నదే, వేళ్లలాంటివి ఊపుతూ రాయికి అతుక్కుని ఉండేది. ఆ రెండు చేపలూ దాని వేళ్ల మధ్యే పడుకునేవి.

ప్రతి శనివారం ఆయన తొట్టిలోంచి ఒక సీసాడు నీళ్లు తీసుకుని చేపల కొట్టుకి వెళ్లేవారు. రెండు బస్సులు మారాలి. నేనూ వెంట వెళ్లేదాన్ని. కొట్టాయన పెద్దవాడు, ఇంగ్లీషాయన, ఎప్పుడూ నీళ్లలో నాని నాని వేళ్లు పగిలి ఉండేవి. మొదటిసారి నన్ను చూసి "రా లవ్, లోపలికి రా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. బయటికొచ్చాక మా ఆయన పడీ పడీ నవ్వారు.

"ఈ ఊళ్లో అందరినీ అలాగే అంటారే. బస్సు డ్రైవరు నన్నూ అంటాడు. నేనేం చెయ్యను, వాడితో లేచిపోనా?"

ఆ కొట్టాయన సీసాలో నీళ్లని చిన్న గాజు గొట్టాల్లో పోసి, చుక్కలు వేసి, రంగు చూసి చెప్పేవాడు ఏది కొనాలో, ఏది కొనకూడదో. కొననివ్వకపోవడమే ఎక్కువ. ఒకసారి మా ఆయన నీలం చేప ఒకటి కావాలన్నారు. "నీ తొట్టి దానికి చాలదు, అమ్మను" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఈయన ఒకటే చిందులు. "అమ్ముకునేవాడికి ఇంత పొగరా? ఇక వాడి మొహం చూస్తే ఒట్టు." మళ్లీ శనివారం వచ్చేసరికి సీసా కడుక్కుని తయారు.

వచ్చేటప్పుడు రెండు క్యాన్ల నీళ్లు తెచ్చుకునేవాళ్లం. ఒకటి నీలం మూతది, ఒకటి తెల్ల మూతది. రెండూ ఉప్పునీళ్లే అనుకునేదాన్ని. తెచ్చినవి చాలకపోతే ఆయనే కొళాయి నీళ్లలో మందు చుక్కలు వేసి, సముద్రపు ఉప్పు గ్లాసుతో కొలిచి కలుపుకునేవారు. ఏ రోజు ఏది పోస్తున్నారో నేను చూడలేదు, ఆయన చెప్పలేదు. నా వంట గురించి ఆయనకెంత తెలుసో, ఆయన తొట్టి గురించి నాకంతే.

ఆయన పనిలోనే పడిపోయారు, ఆసుపత్రి వరండాలో. ఇన్నేళ్లూ తోసిన మంచాల్లోనే ఒకదాని మీద ఆయన్ని తోసుకెళ్లారు. రెండు రోజులు ఉన్నారు. రెండో రోజు కళ్లు తెరిచి "చేపలకి మేత వేశావా?" అన్నారు. వేశానన్నాను. మళ్లీ మాట్లాడలేదు. నువ్వు తిన్నావా అని కూడా అడగలేదు మహానుభావుడు. ఆ మేత మాటే నాకు మిగిలింది. ఆ రెండు చేపల్నీ బతికించుకుంటే చాలనుకున్నాను, ఇంకేమీ కోరుకోలేదు.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉంది. తెలుగువాళ్ల ఇళ్లలో చావైనా పెళ్లైనా ఆవిడ చెప్పినట్టే నడుస్తుంది. అందరం ఆంటీ అంటాం. కర్మలయ్యాక నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"ఏడాది తిరిగేదాకా ఒకళ్ల గడప తొక్కకమ్మా. వ్యాపారం చేసుకునే చోటుకి అసలే వెళ్లకు. పాపం వాళ్ల బేరాలు పాడవుతాయి."

"మరి జీపీ డాక్టరు దగ్గరికో ఆంటీ?"

"అది సర్కారుది. పర్లేదు."

ఇప్పుడు మీరు నవ్వుతారు. నేను నవ్వలేదు. మా అమ్మ విధవరాలై ఏడాదంతా వంటింటి వాకిలి దాటలేదు, కళ్లారా చూసినదాన్ని. నా బోసి మొహంతో ఆ కొట్టులోకి వెళ్లి ఆయన బేరాలు చెడగొట్టడానికి నాకు మనసొప్పలేదు. మా ఆయన పోయారన్న కబురైనా ఎవరితోనూ చెప్పి పంపలేదు. ఎవరున్నారు చెప్పడానికి?

మా అమ్మాయి గ్లాస్గోలో ఉద్యోగం. ఫోన్ చేసి చెబితే ఎంత తేలిగ్గా తీసేసిందో.

"షాపుకెందుకమ్మా, అన్నీ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేస్తా. డోర్ దగ్గరికే వస్తాయి. నువ్వు కదలక్కర్లేదు. ఏం కావాలో చెప్పు చాలు."

"ఉప్పు" అన్నాను.

ఆ చలికాలం ఇంట్లో హీటింగు, తొట్టిలో ఒక హీటరు. వారం తిరిగేసరికి నీళ్లు నాలుగు వేళ్లు తరిగేవి. సముద్రపు నీళ్లు తరిగితే సముద్రపు నీళ్లే పోయాలి కదా అనుకున్నాను. బకెట్లో కొళాయి నీళ్లు పట్టి, ఆయన వేసే మందు చుక్కలు వేసి, ఆయన గ్లాసుతోనే ఉప్పు కొలిచి, కలిపి, పోసేదాన్ని. ఎంత శ్రద్ధగా చేశానో దేవుడికి తెలుసు. ఉప్పు అయిపోతే ఇంకో డబ్బా వచ్చేది. అది కూడా అయిపోతే, మళ్లీ అదే పంపాలా అని ఆ ఫోనే అమ్మాయిని అడిగేదట. ఎందుకింత ఉప్పు అని మాత్రం అడిగేది కాదు.

ముందు ఆ పువ్వులాంటిది ముడుచుకుపోయింది. తర్వాత రాయి నుంచి ఊడి కింద పడింది. అమ్మాయి ఆ ఆన్‌లైన్ వాళ్లకి మెసేజ్ పెడితే ఒక మందు సీసా పంపారు. పోశాను. ఒక పొద్దున చూసేసరికి చిన్న చేప పక్కకి ఒరిగి ఉంది.

పెద్దది ఒంటరిదైపోయిందని అమ్మాయి ఇంకో చేపని తెప్పించింది. తెల్లటి పెట్టె, లోపల సంచిలో సంచి, నడుమ నీళ్లలో అది తోక ఊపుతోంది. కాగితం మీద బొమ్మలున్నాయి, అక్షరం రాకపోయినా బొమ్మ చూసి చెయ్యగలను. అలాగే సంచిని తొట్టిలో తేలనిచ్చి, కొంచెం కొంచెం నీళ్లు కలిపి, వదిలాను. సాయంత్రానికి పోయింది. నేను ఫోన్లో తీసిన ఫోటో అమ్మాయి వాళ్లకి పంపగానే వాళ్లు క్షమించమన్నారు, ఇంకోటి ఉత్తినే పంపారు. అదీ పోయింది. మళ్లీ క్షమించమన్నారు. మర్యాదస్తులే, కాదనను. కానీ ఎందుకు చచ్చిందమ్మా, నీ నీళ్లెలా ఉన్నాయమ్మా అని ఒక్క మనిషీ అడగలేదు.

చివరికి పెద్దది పైకొచ్చి నోరు తెరిచి ఎగరొప్పడం మొదలుపెట్టింది. సంవత్సరీకానికి ఇంకా రెండు నెలలుంది. ఆ శనివారం సీసాడు నీళ్లు పట్టుకుని బస్సెక్కేశాను. ఆంటీ ఏమైనా అనుకోనీ అనుకున్నాను.

ఎక్కానే గానీ, కొట్టు ముందుకెళ్లేసరికి కాళ్లు ఆగిపోయాయి. బోణీ నాతో కాకూడదు. చినుకుల్లో బయటే నిలబడ్డాను. ఎవరో ఒకతను సంచి పట్టుకుని బయటికొచ్చాక, హమ్మయ్య, బేరమైంది అనుకుని అప్పుడు వెళ్లాను.

కొట్టాయన నన్ను గుర్తుపట్టాడు. మొహం మాత్రం ముడుచుకునే ఉంది.

"ఏం లవ్, దారి మర్చిపోయారనుకున్నా. ఎక్కడ మీ ఆయన? ఇంటర్నెట్ వాళ్ల దగ్గర చవగ్గా దొరుకుతున్నాయా? అందరూ వెళ్లినా అతను వెళ్లడనుకున్నాను. అతనితో చెప్పు, నాకు కోపమొచ్చిందని చెప్పు."

నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాను. హీ డెడ్ అన్నాను. పది నెలలు అని వేళ్లు చూపించాను.

ఆయన కళ్లజోడు తీసేశాడు. స్టూలు తెచ్చి నా వెనక పెట్టాడు గానీ తనే దాని మీద కూర్చుండిపోయాడు. "ఇన్నాళ్లూ అతన్ని తిట్టుకున్నాను" అన్నాడు. "ప్రతి శనివారం తిట్టుకున్నాను."

తర్వాత నా సీసా తీసుకుని నీళ్లు చూశాడు. రెండోసారి చూశాడు.

"లవ్, ఇందులో గుడ్డు వేసినా తేలుతుంది. ఏం పోస్తున్నావు?"

చేతులతో చెప్పాను, ఇలా బకెట్, ఇలా ఉప్పు. ఆయన ఆ మూల నుంచి తెల్ల మూత క్యాను తెచ్చి, ఒక చుక్క నా చేతిలో వేసి, నాలుక మీద పెట్టుకోమన్నాడు. చప్పటి నీళ్లు. ఆవిరయ్యేది నీళ్లేనట, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుందట. తరిగినదానికి ఉత్త నీళ్లే పోయాలట.

అప్పుడు ఏడ్చాను చూడండి. చదువురాని దానివి, నీకెలా తెలుస్తుంది అని ఎవరైనా అంటారు. చదువెందుకు దీనికి? ముప్పై ఏళ్లు పులుసు కాచినదాన్ని. పులుసు మరిగి ఇగిరితే ఉప్పెక్కుతుందని, అప్పుడు నీళ్లే పోస్తాంగానీ మళ్లీ ఉప్పు వెయ్యమని నాకు తెలియదా? వంటింట్లో తెలిసినది ముందుగదిలో తెలియలేదు.

"ఇంతకీ రాలేదెందుకు?" అని అడిగాడు. నా నుదురు చూపించి, బ్యాడ్ లక్, నీ కొట్టుకి, అన్నాను. ఆయనకి అర్థం కావడానికి కాస్త పట్టింది.

"నా భార్య పోయిన మర్నాడే నేను కొట్టు తెరిచాను లవ్. ఇంట్లో ఉండలేక. నువ్వన్న లెక్కన ఈ చేపలన్నీ నా మొహం చూసే చచ్చుండాలి."

ఆ రోజే కొట్టు ముందుగా మూసి, వ్యానులో నీళ్ల క్యాన్లు వేసుకుని నన్నూ ఎక్కించుకుని మా ఇంటికి వచ్చాడు. ఒక్కసారిగా మారిస్తే చేప తట్టుకోదని, రోజుకి కాస్త చొప్పున పాత నీళ్లు తీసి మంచినీళ్లు పొయ్యడం చూపించాడు. రోజూ వచ్చాడు. నాలుగో రోజు ఆయన వచ్చేసరికి పెద్దది అడుగున పడుంది. నేను ముట్టుకోలేకపోయాను. నన్ను అడిగి, ఆయనే వలతో తీశాడు.

అమ్మాయి ఫోన్లో "బాధపడకమ్మా, రేపటికల్లా ఇంకో జత వచ్చేస్తుంది" అంది. వద్దన్నాను. మీ నాన్న చేతి మేత తిన్న జత రాదు కదే అన్నాను.

తొట్టి తీసేస్తావా అని కొట్టాయన అడిగితే, ఇప్పుడే కాదన్నాను. ఆ ఎండాకాలమంతా చేపల్లేని నీళ్లకే పొద్దున లైటు వేశాను. నాలుగు వేళ్లు తరిగినప్పుడల్లా తెల్ల మూత క్యాను తెచ్చి, ఉత్త నీళ్లే పోశాను.