ఎర్రదాన్ని పిలిచిన గొంతు

కొమురమ్మది గోపన్‌పల్లి. గచ్చిబౌలి వెనక ఉన్న కుక్కల షెల్టర్‌లో ఊడ్చేది, కడిగేది, అన్నం పెట్టేది ఆమే.

ఆదివారాలు అపార్ట్‌మెంట్ల పిల్లలు పుస్తకాలు పట్టుకుని వస్తారు. కుక్కల గదుల ఇనుప జాలీల ముందు కూర్చుని కుక్కలకు చదివి వినిపిస్తారు. దెబ్బలు తిన్న కుక్కలు మనిషి గొంతుకు మళ్లీ అలవాటు పడాలని. వాళ్లకు చాపలు పరిచేది కొమురమ్మ.

“కండ్లల్లకు సూడకు బిడ్డా. పక్కకు తిరిగి చదువు. అదే వస్తది.”

అనూషకు అలా నేర్పింది. పదేళ్ల పిల్ల. ఇంగ్లిష్ కథ మధ్యలో ఆగి అడిగింది ఒకసారి.

“మీకు అర్థమవుతోందా ఆంటీ?”

“నాకు గాదు, దానికి గాదు. మంచిగ జోడైనం. నువ్వు చదువు.”

పిల్ల పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి కొమురమ్మ ఎవరికీ చెప్పనిది చెప్పింది. అనూష వాళ్ల అపార్ట్‌మెంట్ వెనక, ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎర్రది ఈనింది. వీధికుక్క. ఎవరి దగ్గరికీ రాదు. పనికి వచ్చే దారిలో కొమురమ్మ పెట్టే అన్నం మాత్రం తింటుంది.

“ఎవ్వలకు చెప్పకు.”

అనూష వాళ్లమ్మకు ఒక్కదానికే చెప్పింది. వాళ్లమ్మ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టింది. తెల్లారి దాన్ని పట్టడానికి షెల్టర్ బండి వెళ్లింది. ఎర్రది చిక్కలేదు. డ్రైవర్ సాయిలు తిరిగొచ్చి కొమురమ్మను ఎక్కించుకున్నాడు.

“నువ్వు పిలిస్తెనే వస్తది అక్కా. లేకుంటె కట్టెలు వట్టుకొని వేరేటోళ్లు దిగుతరు.”

“దాని పిల్లలో?”

“తల్లితోనే తెస్తం. ఒట్టు. ఫికర్ జెయ్యకు.”

కొమురమ్మ పిలిచింది. ఎక్కడినుంచో ఎర్రది పరుగున వచ్చింది. ఆమె చేతిలో అన్నం తింటుండగా వల పడింది.

బండి తలుపు మూశాక కొమురమ్మ ట్రాన్స్‌ఫార్మర్ కిందికి వంగి చూసింది. ఒక గోనెసంచి. అంతే.

“పొద్దుగాలనే పిల్లలను వాచ్‌మన్ డబ్బల ఏసుకపోయిండు. ఏడ ఇడిచిండో ఎరుక లేదంటడు” అన్నాడు సాయిలు, అటు తిరిగి.

“నీకు ముందే ఎరుకనా?”

“చెప్తె పిలుస్తుంటివా అక్కా?”

ఆమె బండి ఎక్కలేదు. నడిచే వచ్చింది.

ఆదివారం అనూష జాలీలో ఎర్రదాన్ని చూసి చప్పట్లు కొట్టింది.

“ఇక్కడైతే సేఫ్ కదా ఆంటీ! పిల్లలేవి?”

కొమురమ్మ చాప పరిచింది.

“చదువు బిడ్డా.”

పిల్ల పక్కకు తిరిగి చదివింది. కాసేపటికి ఎర్రది లేచి వచ్చి, జాలీకి మూతి ఆనించి వింది. కొమురమ్మ గిన్నె తెచ్చింది. ఆ అడుగుల చప్పుడుకే అది చివరి గోడ దాకా వెళ్లి, వీపు తిప్పి పడుకుంది.

“మీరంటే ఇష్టం కదా దానికి?”

కొమురమ్మ గిన్నెను పిల్ల చేతికి ఇచ్చింది.

మిగతా రోజుల్లో అనూష ఉండదు. గిన్నె పెట్టి, కొమురమ్మ గోడ చాటుకు వెళ్లి నిలబడుతుంది. తింటున్న చప్పుడు వినిపించాక చీపురు తీసుకుంటుంది. అటు చూడదు.