పలక మీద జుట్టు

ఒక మనిషి ఇల్లు చేరాలంటే ఎందరు గుర్తుపట్టాలి? ఒకరు చాలరా? దేవదానం గుర్తొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతాను.

దేవదానం మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. నడివయసులో మనసు చెదిరితే అన్నదమ్ములు దూరపు పట్నంలోని పిచ్చాసుపత్రిలో చేర్పించారు. కొన్నేళ్లకు నయమై వచ్చాడు. రాత్రి మాత్ర మానడు, ఆదివారం చర్చి మానడు. మిగతా వేళల్లో లైబ్రరీ అరుగు మీద కూర్చుని, పగిలిన పలకల మీద మేకుతో బొమ్మలు గీస్తాడు. నేను పేపరు చదవడానికి వెళ్లేది అక్కడికే. అలా కలిశాం.

ఆ ఆసుపత్రి గోడల సంగతి అతను చెప్తుంటే వినాలి. పాత వార్డులో రోగులు చెంచా కాడలతో గీసిన బొమ్మలుండేవట. ఎద్దులు, రైలు, తలుపులు. తలుపులే ఎక్కువట. సున్నం కొట్టించినప్పుడల్లా అన్నీ మూసుకుపోయేవి.

"సున్నం కింద ఎంతమంది ఉండారో అన్నా. ఒక మూల పెచ్చూడితే, ఎవురో ఆడమనిషి గీసిన ఉయ్యాల బయటపడింది. ఆమె ఎప్పుడో పోయుంటాది" అన్నాడొకసారి.

తర్వాత వచ్చిన డాక్టరమ్మ బొమ్మలకని ఒక గది ఇచ్చి, రంగులూ కాగితాలూ పెట్టించింది. దేవదానం మాత్రం పలకే అడిగాడు.

అతని పలకల్లో ఒకటి ఎప్పుడూ సంచిలోనే ఉండేది. గుండుతో ఉన్న ఒక ముసలి మొహం. వార్డులో అతని పక్క మంచం మనిషి. పేరు చెప్పడు, అసలు మాట్లాడడు. ఒకే ఒక్కసారి "పుల్లలచెరువు అవతల, అడివి పక్కన" అన్నాడట. దేవదానం అతణ్ణి మామా అని పిలిచేవాడు.

"మామోళ్లను ఎతుకుతానని మాటిచ్చినా అన్నా. తీసకపోయేటోళ్లు లేకుంటే ఆయన్ని యాడికని పంపుతారు?"

కంభం సంతలో ఆ పలక చూపిస్తే ఒకాయన నవ్వాడు. "తిరపతి పోయొచ్చినోళ్లందరూ ఇట్లనే ఉంటారు గదయ్యా! ఎవురని చెప్పేది?" దేవదానం కూడా నవ్వాడు. చలికాలమంతా పుల్లలచెరువు చుట్టుపక్కల ఊరూరా తిరిగాడు. ఎవరూ గుర్తుపట్టలేదు.

చివరి ఊరికి నన్నూ రమ్మన్నాడు. "తెల్లజుట్టు పక్కనుంటే కుక్కలు గూడా మర్యాదిస్తాయన్నా."

అడవి అంచున, కంది చేల మధ్య చిన్న పల్లె. ఒక ఇంటి ముందు కందులు చెరుగుతున్న ముసలామె పలక అందుకుని చాలాసేపు చూసింది.

"గుండేంది నాయనా?"

"ఆసుపత్రిలో పేలు పడతాయని గొరిగేస్తారమ్మా."

"జుట్టు పెట్టు."

దేవదానం నా మొహం చూశాడు. తాను చూసిన మనిషిని చూసినట్టే గీశాడు. ఇంటివాళ్లు ఆ గుండు ఎప్పుడు చూశారని? జేబులోంచి బలపం తీశాడు.

"ఇంకా ఒత్తుగా. నొసటి మీదికి, ఉంగరాలు ఉంగరాలుగా" అని ఆమె చెప్తూ పోయింది. అంతలో చేట పక్కకు పడింది. "ఓరి నా తమ్ముడా! మా కాటమరాజు!"

ఆ కేకకు ఇంట్లోంచి ఆమె చిన్న తమ్ముడు గురవయ్య వచ్చాడు. దేవదానం ఆసుపత్రి సంగతి చెప్తుంటే పలక చూశాడు. చూసిన చూపులోనే తెలిసిపోయింది, అతనూ గుర్తుపట్టాడని.

"ఇల్లిడిసి పోయినోడు రాకపాయె, వానికి దినాలు చేసి ఎన్నేండ్లాయ! ఊరంతా వచ్చి తిన్నారు. ఇప్పుడు పిచ్చాసుపత్రిలో ఉండాడంటే నా బిడ్డను చేసుకునేదెవురు?" అంటూ అరచేత్తో బలపం జుట్టు తుడిచేశాడు. "ఈ గుండాయన మాకు తెల్దు. పోండి."

"అమ్మా, నువ్వు చెప్పు" అన్నాడు దేవదానం.

"నేనుండేదే వీని పంచన నాయనా" అని ఆమె ఒలికిన కందులు ఎత్తుకోసాగింది.

మేం బస్సు కోసం నిలబడి ఉంటే, చేలకు అడ్డంపడి వచ్చి, కొంగు చాటు నుంచి వేయించిన శనక్కాయల మూట తీసి ఇచ్చింది. "ఇవంటే పడి సస్తాడు. అక్క ఇచ్చిందని చెప్పు. పేరు పెట్టి పిలువు."

బస్సులో దేవదానం ఒళ్లో పలక పెట్టుకుని జుట్టు మళ్లీ గీశాడు. కుదుపులకు ఉంగరాలు వంకరపోయినా వదల్లేదు.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాను.

"పేరైతే దొరికింది గదన్నా."

మార్కాపురంలో అతను ముందే దిగాడు. నేను కమ్మీ పట్టుకుని మెల్లగా దిగేసరికి, అవతల ఆసుపత్రి ఉన్న పట్నానికి కదలబోతున్న బస్సు మెట్టు మీద ఉన్నాడు. మూట భుజానికి వేలాడుతోంది. బలపం చెరగకుండా పలకను అన్నం పళ్లెంలా రెండు చేతుల మీద పట్టుకున్నాడు. పిలిచాను. వెనక్కి చూడకుండానే లోపలికి వెళ్లిపోయాడు.